ఆరో గ్లాసు

మా ఆయనకు వాసన తెలియడం లేదన్న సంగతి మొదట కనిపెట్టింది మా అత్తయ్య. ఎండలు ముదురుతున్న రోజులు. స్టవ్ మీద పాలు పొంగి, మాడి, గిన్నె అడుగు బొగ్గయింది. స్టవ్ వైపు వీపు పెట్టి కూర్చుని ఆయన తాపీగా పేపరు చదువుకుంటున్నాడు. అత్తయ్య తన గదిలోంచి దగ్గుకుంటూ వచ్చి స్టవ్ కట్టేసింది.

“ఒరేయ్, ముక్కు ఉందా, ఎక్కడైనా పెట్టి మర్చిపోయావా?” అంది.

ఆయన వెనక్కి తిరిగి గిన్నెను చూశాడు. పేపరు మడిచి ఒళ్ళో పెట్టుకున్నాడు. మామూలుగా అయితే తల్లి వేసే విసుర్లకు ముందు నవ్వేది ఆయనే. ఆ రోజు నవ్వలేదు.

ముందు నెలలో పది రోజులు జ్వరం వచ్చి తగ్గింది. అప్పట్నుంచీ వాసన లేదట. మూడు వారాలుగా ఎవరికీ చెప్పకుండా లోపలే కుమిలిపోతున్నాడు. వేరే ఎవరికైనా అది చిన్న నష్టమే. మా ఆయన పంతొమ్మిదేళ్ళుగా ఒక పెద్ద హోటల్లో బార్ కౌంటర్ వెనక నిలబడ్డ మనిషి. కళ్ళు మూసుకుని మూత వాసన చూసి ఏ సీసానో చెప్పేవాడు. అక్కడ చిన్నా పెద్దా అందరికీ ఆయన ‘ముక్కు మాస్టారు’.

డాక్టరు ముక్కులోకి లైటు వేసి చూశాడు. జ్వరానికి నరాలు దెబ్బతిన్నాయన్నాడు. ఆరు నెలలకు రావచ్చు, ఏడాదికి రావచ్చు.

“రాకపోనూవచ్చా?” అని నేనే అడిగాను.

“చెప్పలేమమ్మా. తీపి, పులుపు, ఉప్పు, చేదు, మంట నాలుకకు తెలుస్తాయి. మిగతాదంతా ముక్కు చేసే పనే.”

మెట్లు దిగుతుంటే ఆయన నా చెయ్యి పట్టుకుని ఆపాడు. “ఎవరికీ చెప్పకు. పిట్టకి కూడా” అన్నాడు. పిట్ట మా అమ్మాయి, తొమ్మిదేళ్ళది. దాని కడుపులో మాట నిలవదు.

అదృష్టమో దురదృష్టమో, ఆ వారమే హోటల్ బార్‌ను మరమ్మతుల కోసం మూసేశారు. వానలు మొదలయ్యాక తెరుస్తారట. హమ్మయ్య, రెండు నెలలు గడువు దొరికింది అనుకున్నాం. కానీ మేనేజరమ్మ ఈయన్ని పిలిపించి ఒక పని అప్పగించింది. కొత్త బార్ తెరిచే రోజు వచ్చినవాళ్ళందరికీ ఒక చిన్న పుస్తకం పంచాలి. ఇంట్లో ఎవరైనా కలుపుకోగలిగే ఆరు రమ్ము పానీయాలు. పెద్ద సరంజామా అక్కర్లేకుండా, వంటింట్లో దొరికే వస్తువులతో. తెరవడానికి వారం ముందు, బుధవారం నాడు, ఓనరు ముందు ఆరూ కలిపి చూపించాలి.

“ఇంట్లో కలుపుకునేవి కాబట్టి ఇంట్లోనే తయారుచెయ్యండి మాస్టారూ” అని ఆమె రెండు రకాల రమ్ము సీసాలు ఒక పెట్టెలో పెట్టి పంపింది.

పెట్టె వంటింటి బల్ల మీద పెట్టి ఆయన చాలాసేపు దానివైపే చూస్తూ కూర్చున్నాడు. పిట్ట వీధిలో ఆడుకుంటోంది. అత్తయ్య మధ్యాహ్నం నిద్రలో ఉంది.

“నువ్వు రుచి చూడాలి” అన్నాడు.

నేను నవ్వాను. బార్‌లో పనిచేసే మనిషి పెళ్ళానికి రమ్ము వాసన కొత్త కాదు, రోజూ ఆయన చొక్కాలు ఉతికేదాన్నే. తాగడం మాత్రం ఎప్పుడూ లేదు. నేనొక బడిలో సైన్సు ల్యాబ్ అటెండర్ని. గాజు గొట్టాలు కడగడం, ద్రావకాలు కొలిచి పెట్టడం నా పని. అప్పుడు వేసవి సెలవులు.

“ఒక్క చెంచా. నాలుక మీద వేసుకుని ఉమ్మెయ్. ఏం తగిలిందో చెప్పు చాలు.”

“ఇంకెవరూ లేరా?”

“ఇంకెవరికి చెప్పుకోను?” అన్నాడు. కుర్చీ లాక్కుని బల్ల దగ్గర కూర్చున్నాను.

మొదటిది తేలికైనదే. తెల్ల రమ్ము, నిమ్మరసం, పంచదార పాకం. ఐసు ముక్కలతో కలిపి, మూత గట్టిగా ఉన్న జామ్ సీసాలో వేసి చేతులు నొప్పి పుట్టేదాకా ఊపడం, వడకట్టడం. ఆయన చేతులకు ఇవన్నీ అలవాటే. ఊపిన సీసా మీద మంచు పట్టే తీరు చూసి చాలు అనేవాడు. గ్లాసు నాకిచ్చి ఎదురుగా కూర్చున్నాడు.

“మొదట ఏం తగిలింది? నాలుక చివరనా, పక్కలనా, గొంతులోనా?”

“మంట.”

“అది నాకూ తెలుస్తోంది. మంట తర్వాత?”

కళ్ళు మూసుకున్నాను. “తడిసిన కర్ర లాగా. తర్వాత పిట్ట కొత్త పుస్తకాలు తెరిస్తే వస్తుందే, అలాంటి వాసన. నిమ్మకాయ చివర్లో చేదుగా ఉంది. తొక్క కూడా పిండేశారు మీరు.”

కళ్ళు తెరిచేసరికి ఆయన నన్నే చూస్తున్నాడు. పదకొండేళ్ళ కాపురంలో నా మొహంలోకి అంతసేపు చూడటం అదే మొదలు. గబగబా నోట్‌బుక్ తీసి రాసుకున్నాడు: తొక్క పిండకూడదు, సగం చెక్క చాలు.

ఆ వేసవంతా మా వంటిల్లు అలా నడిచింది. రెండోది పుదీనా, నిమ్మ, సోడా. పుదీనాను నలిపితే గడ్డి వాసన వేస్తోందని నేను చెబితే, నలపడం మానేసి రెండు అరచేతుల మధ్య పెట్టి ఒక్క చరుపు చరిచి వేశాడు. మూడోది కొబ్బరిపాలు, అనాసరసం. నాలుగోది అల్లంరసం, నల్ల రమ్ము. అల్లం ఉడికించినదా, పచ్చిదా అన్నదాని మీదే నాలుగు రోజులు పట్టింది. పచ్చిదే నెగ్గింది. బడి నుంచి నేను తెచ్చుకున్న పాత కొలగొట్టంతో ప్రతిదీ మిల్లీలీటర్లలో కొలిచి చెప్పేదాన్ని. “నువ్వు నా పక్కన కౌంటర్లో ఉంటే హోటల్ ఇంకో అంతస్తు లేచేది” అనేవాడు.

అత్తయ్యకు సంగతి తెలియకుండా ఎలా ఉంటుంది? ఆవిడ గది వంటింటికి ఆనుకునే ఉంది. చేతిరుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకుని గుమ్మంలో నిలబడేది. “వాడికి ముక్కు లేదు, నీకు బుద్ధి లేదు, నాకు దిక్కు లేదు” అనేది. కానీ పిట్ట లోపలికి రాకుండా దాన్ని పట్టుకుని తన గదిలో కూర్చోబెట్టుకునేది కూడా ఆవిడే.

రెండు వారాల పాటు నేను ఉమ్మేశాను. మూడో వారంలో మింగాను. అలా ఎందుకు చేశావని ఎవరైనా అడిగితే మర్యాదైన జవాబు ఒకటి చెప్పగలను. మింగితే గానీ చివరి రుచి తెలియదు. అది అబద్ధం కాదు. అసలు నిజం వేరే. గ్లాసు నా చేతిలో ఉన్నంతసేపూ ఆయన కళ్ళు నా మీదే ఉండేవి. ఆ గ్లాసు దించాక ఇద్దరికీ భయం తిరిగొచ్చేది. సగం మింగితే నా భయమన్నా కాస్త ఆలస్యంగా వచ్చేది.

ఆయన పరిస్థితి రోజురోజుకూ దిగజారింది. ఉదయం లేవగానే కాఫీ పొడి డబ్బాలో ముక్కు పెట్టేవాడు. తర్వాత ఉల్లిపాయ కోసి చూసేవాడు. తర్వాత ఫినాయిల్ సీసా. ఏదీ లేదు. ఒకరోజు స్నానాల గదిలోంచి ఎంతకీ బయటికి రాకపోతే తలుపు తోశాను. తన మాసిన చొక్కాలో మొహం దాచుకుని నేల మీద కూర్చుని ఉన్నాడు.

“నా వాసన కూడా నాకు తెలీట్లేదు” అన్నాడు. “నేను లేనట్టే ఉంది.”

పక్కన కూర్చున్నాను. బయట పిట్ట, “నానమ్మా, వాళ్ళిద్దరూ స్నానాల గదిలో ఏం చేస్తున్నారు?” అని అడుగుతోంది. “సబ్బు వెతుక్కుంటున్నారు” అంది అత్తయ్య.

ఐదోది చల్లార్చిన టీ డికాక్షన్, తేనె, నారింజ తొక్కతో. అది కుదిరే నాటికి నేను ఉదయం పదకొండింటికే ఒక గ్లాసు పోసుకోవడం మొదలుపెట్టాను. ఆయన నిమ్మకాయలకో, సోడాకో వెళ్ళినప్పుడు. నిన్నటిది ఎలా ఉందో మళ్ళీ చూద్దామని నాకు నేనే చెప్పుకునేదాన్ని. వినేవాళ్ళు ఎవరూ లేకపోయినా ఆ మాట పైకే అనేదాన్ని. సీసాలో మట్టం దిగిపోతుంటే కొలగొట్టంతో కొలిచి, ఎంత తాగానో అన్ని నీళ్ళు పోసేదాన్ని. ల్యాబ్‌లో పదేళ్ళు పనిచేసిన చెయ్యి, చుక్క తేడా రానిస్తుందా! నల్ల రమ్ము రంగు పలచబడితే కాస్త టీ డికాక్షన్ కలిపాను. ఆ తెలివి చూసుకుని నాకే నవ్వొచ్చింది. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు చల్లబడుతుంది.

మా ఇంట్లో నా నోటి వాసన పట్టగలిగే మొగుడు లేడు. అంత ధైర్యం నాకు అందుకే వచ్చింది.

ఆరో పానీయం మాత్రం కుదరలేదు. అది ఆయన సొంతం కావాలి, ఎక్కడా లేనిది కావాలి. కాల్చిన అరటిపండు, దాల్చినచెక్క, నల్ల రమ్ము, ఒక చిటికెడు ఉప్పు. పన్నెండు రోజులు, రోజుకు ఐదారుసార్లు కలిపాడు. ప్రతిసారీ నేను ఒకటే మాట చెప్పేదాన్ని: “పలచగా ఉంది. అరటిపండు ముందుకొస్తోంది, రమ్ము వెనకబడుతోంది.” రమ్ము పెంచేవాడు. మళ్ళీ పలచగానే ఉండేది. ఎందుకుందో నాకు తెలుసు. తెలిసీ నోరు విప్పలేదు.

“నా చెయ్యి కూడా పోయింది” అని ఒకరోజు గ్లాసు గోడకేసి కొట్టాడు. గాజు పెంకులు నేనే ఏరాను. వేలు తెగింది. రక్తం వచ్చిన వేలిని నోట్లో పెట్టుకుంటే, దాని మీద కూడా రమ్ము రుచే తగిలింది.

శనివారం. సోమవారం నాకు బడి తెరుస్తారు, బుధవారం ఓనరు ముందు పరీక్ష. మధ్యాహ్నం భోజనాల బల్ల దగ్గర పిట్టకు జడ వేద్దామని వంగాను. అది మొహం పక్కకు తిప్పుకుంది.

“ఏమే, కదలకు.”

“నానమ్మ వేస్తుందిలే” అంది. దువ్వెన నా చేతిలోంచి లాక్కుని, “అమ్మా, నువ్వు అన్నం పెట్టినా ఒకటే వాసన, పడుకున్నా ఒకటే వాసన. ఇదివరకు నాన్న హోటల్నుంచి వచ్చినప్పుడు వచ్చేది చూడు, అది. ఇప్పుడు నాన్నకి రావట్లేదు, నీకే వస్తోంది” అంది.

అత్తయ్య పళ్ళెంలోంచి తల ఎత్తలేదు. ఆవిడకెప్పుడో తెలుసని అప్పుడర్థమైంది.

ఆయన లేచి చెయ్యి కడుక్కుని నా దగ్గరికొచ్చాడు. రెండు చేతులతో నా మొహం పట్టుకుని, నా నోటి దగ్గర ముక్కు పెట్టి, గట్టిగా ఊపిరి పీల్చాడు. మళ్ళీ పీల్చాడు. మూడోసారి కళ్ళు మూసుకుని పీల్చాడు.

“నాకేం తెలీట్లేదు” అన్నాడు. “నువ్వే చెప్పు.”

పిట్ట చేతిలో దువ్వెన పట్టుకుని మా ఇద్దర్నీ చూస్తోంది. అత్తయ్య దాన్ని లేపి, “పద, డాబా మీద బట్టలు తెద్దాం” అని తీసుకెళ్ళింది. డాబా మీద బట్టలేం లేవు.

చెప్పాను. పదకొండింటి గ్లాసు, అది రెండు కావడం, నీళ్ళు, టీ డికాక్షన్, అన్నీ. ఆరో పానీయం కుదరకపోవడానికి కారణం తన చెయ్యి కాదని కూడా చెప్పాను. ఐదోది కుదిరింది కూడా నీళ్ళు కలిపిన రమ్ముతోనేననీ, ఓనరు ముందు అసలు రమ్ముతో అదే కొలత వేస్తే గొంతు కాలుతుందనీ చెప్పాను. చెబుతున్నంతసేపూ కొడతాడేమో, అరుస్తాడేమో అని కాచుకున్నాను. కొట్టినా బాగుండుననిపించింది.

ఆయన బల్ల మీద చేతులు పెట్టుకుని కూర్చున్నాడు.

“మంట తగ్గుతోందని నాకు తెలుస్తూనే ఉంది” అన్నాడు. “రెండు వారాలుగా. ముక్కు పోయింది, ఇక నాలుక కూడా పోతోంది అనుకున్నాను. నీకు చెబితే భయపడతావని చెప్పలేదు.”

ఆ రెండు వారాలూ ఆ మనిషి లోపల ఏం మోశాడో, ఎవరివల్ల మోశాడో ఆ ఒక్క మాటతో తెలిసింది. తిట్టి ఉంటే ఏడ్చేదాన్ని. అప్పుడు ఏడుపు కూడా రాలేదు.

లేచి సీసాలన్నీ సింకులో వంచేశాడు. నేను గుమ్మం పట్టుకుని చూస్తూ నిలబడ్డాను. ఆఖరి సీసా వంచుతుంటే నా కాలు దానంతటదే ఒక అడుగు ముందుకు పడింది. ఆయన చూశాడు. నేనూ నా కాలి వైపు చూసుకున్నాను.

ఆ తర్వాతి రెండు రోజులు సరిగ్గా గుర్తులేవు. చేతులు వణికాయి, ఏది తిన్నా కడుపులో నిలవలేదు, వేసవిలో దుప్పటి కప్పుకుని చలితో ముడుచుకుపోయాను. డాక్టరు వచ్చి మందులిచ్చాడు. స్నానాల గది తలుపు బయట అత్తయ్య పీట వేసుకుని కూర్చునేది. “గడియ పెట్టకు” అనేది ప్రతిసారీ. ఒకసారి నేను లోపల ఎంతకీ కదలకపోతే, “వాడికి ముక్కే పోయింది. నువ్వు మొత్తం పోకు తల్లీ” అంది. పదకొండేళ్ళలో ఆవిడ నన్ను తల్లీ అనడం అదొక్కసారే.

సోమవారం ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుని, నోట్‌బుక్ పట్టుకుని హోటల్‌కు వెళ్ళాడు. పరీక్షకు ఇంకా రెండు రోజులుంది. వాసన పోయిందని మేనేజరమ్మకు తానే చెప్పేశాడు. మొదటి నాలుగు కొలతలు సరైనవేననీ, ఐదోది మళ్ళీ సరిచూసుకోవాలనీ, ఆరోది లేదనీ చెప్పాడు. రుచి చూసింది మా ఆవిడ అన్నాడు. అంతకుమించి నా గురించి ఒక్క మాట చెప్పలేదు.

“ఏమన్నారు?” అని మంచం మీంచే అడిగాను.

“సరుకు దించుకునే చోట వేస్తామన్నారు. పగటి పని” అన్నాడు. చొక్కా గుండీలు విప్పుతూ, “కౌంటర్ చెక్కకి కొత్తగా మెరుగు పెట్టారు. అద్దంలా ఉంది” అన్నాడు.

నేను మూడు రోజులు ఆలస్యంగా బడికి వెళ్ళాను. జ్వరమని రాసిచ్చాను. ల్యాబ్‌లో స్పిరిట్ దీపాలు వరసగా ఉన్నాయి, వాటిలో స్పిరిట్ నింపడం నా పనే. డబ్బా మూత తిప్పి, మళ్ళీ బిగించి, సైన్సు టీచరు దగ్గరికి వెళ్ళాను. “ఇది ఈ ఏడాది మీరే నింపాలి మేడమ్. అల్మరా తాళం కూడా మీ దగ్గరే ఉంచుకోండి” అన్నాను. ఆమె నా చేతుల వైపు చూసి, ఎందుకని అడగకుండా తాళం తీసుకుంది. ఆ రోజు సాయంత్రం నడిచి ఇంటికి రావడానికి నాకు మామూలు కంటే రెట్టింపు సమయం పట్టింది. దారిలో ఉన్న మద్యం దుకాణం తగలకుండా చుట్టూ తిరిగి వచ్చాను. ఇప్పటికీ ఆ చుట్టుదారే.

వానలు పడ్డాయి. బార్ తెరిచారు. పుస్తకం ఐదు పానీయాలతోనే అచ్చయిందని విన్నాం. మా ఇంటికి ఒక్క ప్రతి కూడా రాలేదు, మేం అడగలేదు.

ఒక ఆదివారం, జోరువానలో, మేనేజరమ్మ మా ఇంటికొచ్చింది. గొడుగు గుమ్మం పక్కన ఆనించి, సంచీలోంచి మూత పెట్టిన చిన్న సీసా ఒకటి తీసి బల్ల మీద పెట్టింది. కొత్తగా చేరిన బార్ అతను అల్లం పానీయం కలుపుతున్నాడు గానీ, తాగినవాళ్ళు ఏదో తేడాగా ఉందంటున్నారట.

“మాస్టారు చెప్పారు, ఆ రుచులన్నీ మీవేనట కదమ్మా” అంది నాతో. “ఇలాంటి నాలుక దొరకడం కష్టం. వారానికి మూడు సాయంత్రాలు రండి చాలు. వచ్చి రుచి చూసి చెప్పండి. మాస్టారికి కూడా మళ్ళీ కౌంటర్ దగ్గరే చోటు చూస్తాను. ఆయన కలుపుతారు, మీరు చూస్తారు.”

మా ఆయన కిటికీ దగ్గర నిలబడి ఉన్నాడు. కౌంటర్ అన్న మాట వినగానే ఆయన వీపు నిటారైంది. అది చూశాను. చూడకుండా ఉంటే ఎంత బాగుండేదో.

మేనేజరమ్మ మూత తీసింది. గదిలో ఇంకెవరికీ ఏమీ కాలేదు. నాకు మాత్రం నోట్లో నీళ్ళూరాయి, చెవులు వేడెక్కాయి, బల్ల కింద వేళ్ళు ఒకదాన్నొకటి పట్టుకున్నాయి. అత్తయ్య తన గది గుమ్మంలోకొచ్చి నిలబడింది.

“నాకు రుచులు తెలీవండీ” అన్నాను. “ఆయనేదో ప్రేమ కొద్దీ చెప్పుంటారు.”

ఆమె నమ్మలేదు. మా ఆయన వైపు తిరిగింది. “నిజమేనా మాస్టారూ?”

ఆయన కిటికీ రెక్క దగ్గరికి లాగి, ఇటు తిరిగాడు.

“నిజమేనండీ” అన్నాడాయన. “అన్నీ నేనే ఊహించి రాశాను. తనకేం తెలీదు.”

ఆమె సీసాకు మూత పెట్టుకుని, సంచీలో వేసుకుని, గొడుగు విప్పుకుని వెళ్ళిపోయింది. వీధి మలుపు తిరిగేదాకా అత్తయ్య గుమ్మంలోంచి చూసి, తలుపు గడియ పెట్టింది.

ఆయన వచ్చి నా ఎదురుగా కుర్చీలో కూర్చున్నాడు. వేసవంతా కూర్చున్నట్టే, నా మొహంలోకి చూస్తూ.

“ఏముంది దాంట్లో తేడా?” అని మెల్లగా అడిగాడు.

“అల్లం ఉడికించాడు” అన్నాను. “నిమ్మరసం పొద్దున పిండింది. పంచదార మాడింది కొంచెం.”

ఆయన తలూపాడు. “రమ్ము?”

“అది అడక్కండి.”

“సరే” అన్నాడు. నా చేతులు ఇంకా వణుకుతున్నాయి. బల్ల మీంచి చేతులు చాపి వాటిని పట్టుకున్నాడు. అవి ఆగేదాకా, వాన వెలిసేదాకా, ఇద్దరం అలాగే కూర్చున్నాం.